గొట్టంలో చప్పుడు

పొద్దున ఏడున్నర బస్సు గుడియాత్తంలో ఎక్కితే, పళ్ళికొండ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, వేలూరు చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగతా సగం ఆఫీసులో పోతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. సాయంత్రం మళ్ళీ నిలబడే ప్రయాణం చేసి ఇల్లు చేరి, చెప్పులు కూడా విప్పకుండా మిద్దె ఎక్కేదాన్ని. పది కుండీలు, నాలుగు పాత డ్రమ్ములు, కాస్త కొత్తిమీర, రెండు బెండ మొక్కలు. వాటి ఆకులు తడుముతుంటే తలలో రొద తగ్గేది. ఆ అరగంట లేకపోతే నాకు పిచ్చెక్కేదని ఇప్పటికీ నమ్ముతాను.

పోయిన మాఘంలో ఒడుగత్తూరు వైపు ఒక రైతు దగ్గర ముళ్ళ వంకాయ నారు తెచ్చాను. ఆ మాట ఆఫీసులో చెబితే పక్క సీటామె పకపకా నవ్వింది. "మిద్దె మీద ముళ్ళ వంకాయా? కాసినట్టే!" అంది. నాకు ఒళ్ళు మండింది. "బుట్టెడు తెచ్చి నీ బల్ల మీద పోయకపోతే అప్పుడడుగు" అన్నాను. ఆ రోజు నుంచి అది తోట కాదు, పందెం.

ఎండలు ముదిరేసరికి బోరు ఎండింది. మునిసిపాలిటీ నీళ్ళు వారానికి ఒకసారి వచ్చేవి కూడా ఆగిపోయాయి. మిద్దె మీద ట్యాంకులో సగం నీళ్ళున్నాయి. సరిగ్గా అప్పుడే వంగ చెట్లు పిందె పట్టాయి.

కింది వాటాలో బాడుగకున్న వాళ్ళదీ మా తెలుగే. ఆ ఇంటాయన బజారులో లుంగీల కొట్టులో పని చేస్తాడు. అతని తల్లి వాకిట్లో జారిపడి తుంటి విరిగి, రెండు నెలలుగా మంచం మీదే ఉంది. చేసేదంతా కోడలే. వాళ్ళ కొళాయికి నీళ్ళు వదిలే వాల్వు మిద్దె మీద, నా చేతిలో ఉంటుంది. నేను దాన్ని కట్టేశాను.

రెండో రోజు ఆ కోడలు పిల్ల పైకొచ్చింది.

"అక్కా, కొళాయిలో నీళ్ళు రాలేదు. రెండు బిందెలుంటే ఇస్తారా? అత్తకు ఒళ్ళు తుడవల్ల. వీపంతా పుండ్లు పడతా ఉండాయి."

"ట్యాంకు అడుగంటిపోయిందమ్మా. నేనే క్యాను నీళ్ళు కొనుక్కుంటా ఉండాను" అన్నాను. తడుముకోకుండా అన్నాను.

"అయ్యో! అట్లయితే మీ చెట్లేం గావల్లక్కా?" అంది.

ఇది నన్ను పొడుస్తోందా అని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడిగింది. "దేవుడి దయ" అనేసి తలుపేసుకున్నాను. నా మొహం మండ, అప్పుడు నాకు సిగ్గు కూడా వేయలేదు.

తెల్లవారక ముందే లేచి, పైపు పెడితే చప్పుడవుతుందని, చెంబుతో ముంచి చెట్టు చెట్టుకూ పోసేదాన్ని. నా మిద్దె మీద నేనే దొంగలా మునివేళ్ళ మీద నడిచాను. పోసింది ఎక్కువైతే కుండీ అడుగు నుంచి కారి, వాన నీళ్ళ గొట్టంలోంచి కిందికి పోయేది. ఆ గొట్టం ఎవరి కిటికీ పక్కన దిగుతుందో నాకు తట్టనే లేదు. అలా అయిదు రోజులు. కాయలు గుప్పెడంత అయ్యాయి, ముచికలకు ముళ్ళు లేచాయి, నాకు పండగే.

ఆదివారం పొద్దున నేను చెట్ల దగ్గర ఉండగా మెట్ల మీద రొప్పు వినబడింది. లేచేలోపు ఆ పిల్ల మిద్దె మీదికి వచ్చేసింది. చేతిలో బకెట్టు.

"బియ్యం కడిగిన నీళ్ళక్కా. కొన్న క్యాను నీళ్ళే, దినామూ పట్టిపెట్టినా. పాపం, మీ చెట్లు ఎండిపోతా ఉంటాయి గదా..."

మాట అక్కడే ఆగిపోయింది. కుండీల్లో మట్టి నల్లగా తడిసి ఉంది. ట్యాంకు మూత తీసి ఉంది. నా చేతిలో చెంబు కారుతోంది.

కాళ్ళ కింద మిద్దె విరిగి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆ పిల్ల వంగి, తెచ్చిన నీళ్ళు వంగ చెట్టుకు పోసింది. మట్టి పట్టుకోలేదు. తెల్లటి నీళ్ళు అడుగు నుంచి కారి గొట్టం వైపు పారాయి.

"మా అత్త దినామూ చెప్తానే ఉండాది, గొట్టంలో నీళ్ళ చప్పుడు వస్తా ఉండాదని," అంది నెమ్మదిగా. "అక్క అట్లా చేసే మనిషి కాదు, నీకే చెవుల్లో ఏందో మోగుతా ఉండాదని నేనే తిట్టినా."

నేను వాల్వు తిప్పాను. "ఎంత కావాలంటే అంత పట్టుకో అమ్మా" అన్నాను. ఆ మాట నాకే రోతగా వినబడింది.

"రెండు బిందెలు చాలక్కా" అని ఖాళీ బకెట్టుతో దిగిపోయింది.

పందెం వంకాయలన్నీ కోసి కొంగులో వేసుకుని కిందికి వెళ్ళాను. గడప దగ్గర ఆగి ఆగి, మంచం పక్కకు వెళ్ళాను. కోడలు అత్తను పక్కకు తిప్పి తడిగుడ్డతో వీపు తుడుస్తోంది. ఎర్రగా చితికిన చర్మం చూడలేక కళ్ళు దించుకుని, వంకాయలు మంచం పక్కన పోశాను.

"పెద్దమ్మా, తప్పు చేసినా. నీళ్ళు ఉండినాయి. గొట్టంలో చప్పుడు నిజమే. నేనే పోసినా."

ముసలామె మెడ తిప్పి నన్ను చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే నా పాపం కొంతైనా కరిగేది.

"నిజంగానే వచ్చిందా?" అంది. "చూసినావా కోడలా, నా చెవులు బాగానే ఉండాయి! కాళ్ళు పోయినాయి, ఇంగ చెవులూ పోయినాయేమో అని భయపడి చచ్చినానే."

కోడలు గుడ్డ పిండుకుంది. ముసలామె మాత్రం నవ్వుతూ, "మంచి మాట చెప్పినావమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది.