చెమట పట్టని ఎండ

నాకు జబ్బు చేసిన రోజు నేను చాలా హాయిగా ఉన్నాను. ఈ మాట మా వదిన తప్ప ఇంకెవరూ నమ్మరు. ఆ రోజంతా నా పక్కనే ఉంది ఆవిడ.

మాది కాకినాడ. నాకు యాభై ఒకటి, మా అన్నయ్య భార్య సత్యవతి వదినకి యాభై అయిదు. ఇద్దరం మంత్రాలయం వెళ్లి స్వామి దర్శనం చేసుకుని, కర్నూలు వచ్చి లాడ్జిలో దిగి, మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాం. గండికోట చూడాలన్నది నా సరదా. ఏప్రిల్ ఆఖరు. లాడ్జి ఆయన "ఈ ఎండల్లో గండికోటకా అమ్మా? వానలు పడినాక పోరాదా?" అన్నాడు. "సముద్రం ఒడ్డునుంచి వచ్చాం బాబూ, మాకు ఎండలు కొత్తా?" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

కాకినాడలో ఎండంటే చెమట. స్నానం చేసి ఒళ్లు తుడుచుకునేలోపే మళ్లీ తడిసిపోతాం. ఎంత చెమట పడితే అంత ఎండ అని మా లెక్క. ఇక్కడ చూస్తే పొద్దున్న కట్టిన గంజి చీర పన్నెండింటికి కూడా ఫెళఫెళలాడుతూనే ఉంది. జాకెట్టు వీపుకి అంటుకోలేదు. "వీళ్ల ఎండ ఉత్త ఆర్భాటమే వదినా" అని నవ్వాను.

బస్సులో వాంతి రాకుండా టాబ్లెట్ వేసుకున్నాను. తల తిరగకపోయినా సగం దారిలో ఇంకొకటి వేసుకున్నాను. దారిలో బాత్రూములు ఎలా ఉంటాయో ఏమోనని నీళ్లు గొంతు తడుపుకోవడానికే తాగాను. ఇది ఆడవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు.

జమ్మలమడుగులో ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు మస్తాన్ వలి, యాభై దాటిన మనిషి. కోట దగ్గర దిగేటప్పుడు నేను రెండుసార్లు తూలానట. నాకు గుర్తు లేదు.

నాకు గుర్తున్నది ఇంకొకటి. అప్పటికే ఇంకో ఆవిడ మాతో ఉంది.

ఎప్పుడు కలిసిందో తెలీదు. బూడిదరంగు చీర, పూర్తిగా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కొంగు చివరనుంచి నీళ్లు కారుతున్నాయి. కింద లోయలో పారే పెన్నలో మునిగి నేరుగా పైకి వచ్చినట్టుంది. నడుస్తుంటే కాలే బండల మీద తడి పాదాల గుర్తులు పడుతున్నాయి. అవి ఆరడం లేదు. నాకది వింతగా అనిపించలేదు. ఆవిడ ఎడమపక్కన నడుస్తుంటే చల్లగా, ప్రాణానికి సుఖంగా ఉంది.

దారిలో నన్నారి షర్బత్ అమ్ముతుంటే మూడు ఇమ్మన్నాను.

"మూడోది ఎవరికే?" అంది వదిన.

"ఆవిడకి."

వదిన పకపకా నవ్వింది. "రెండు తాగాలనుంటే తాగవే, దానికి ఆవిడెందుకు?"

తాగడం మాట అటుంచి, నేను గ్లాసు పట్టుకునే మరిచిపోయానట. మసీదు గోడ పక్కన జానెడు నీడ ఉంటే అక్కడ నిలబడ్డాం. "కాస్త జరుగు వదినా, ఆవిడకి నీడ చాలడం లేదు" అన్నాను. వదిన నవ్వుతూ జరిగింది కూడా. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ముప్ఫై ఏళ్లుగా నా వేళాకోళాలు వింటున్న మనిషి. ఇదీ అందులో ఒకటే అనుకుంది.

లోయ దగ్గరికి వెళ్లేసరికి నాకు చలి మొదలైంది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కొంగు తలమీదుగా కప్పుకున్నాను. చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వదిన నోరు కదులుతోంది, మాట వినపడదు. తడి చీర ఆవిడ అంచున నిలబడి కిందకి చూసి, తర్వాత నావైపు చూసింది. ముఖంలో కోపం లేదు, ప్రేమ లేదు. ఆలస్యం చేస్తున్నానని మాత్రం అర్థమైంది. నాకు దాహం వేసింది. ఆవిడ వెంట వెళ్తే బోలెడు నీళ్లు. చెప్పులు విప్పి బయల్దేరాను.

ఇక్కణ్ణుంచి వదిన చెప్పిందే. నేను తూలడం చూసి అనుమానంతో మస్తాన్ మా వెనకే వస్తున్నాడు. పరుగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

"యాడికమ్మా పోయేది?"

"ఆవిడతో స్నానానికి. ఇప్పుడే వచ్చేస్తాం" అన్నానట, తొణక్కుండా. వదిన మళ్లీ నవ్వింది.

"నవ్వేదేందమ్మా! ఆయమ్మ మెడ ముట్టి సూడు. పెనం మాదిరి కాల్తాండాది. చుక్క చెమట ల్యాదు."

వదిన ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పుడే నేను పడిపోయాను. ఫిట్స్ వచ్చాయి. వదిన సీసా తీసి నా నోట్లో పొయ్యబోతే మస్తాన్ ఆపాడు. "నోట్లో వద్దు, మీద పొయ్యి. బండల గనిలో పదైదేండ్లు చేసిండా. ఇట్లనే ఒగ మనిసి నా కండ్ల ముందరే పోయినాడు." షర్బత్ కొట్లో ఉన్న నీళ్లన్నీ నా మీద కుమ్మరించారు. ఇద్దరు ముగ్గురు పట్టి ఆటోలో వేశారు. దారి పొడుగునా వదిన నా చీర తడుపుతూనే ఉంది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చూస్తే జ్వరం నూట ఆరు. అక్కణ్ణుంచి అంబులెన్సులో కడప తీసుకెళ్లారు.

ఐసీయూలో చంకల్లో, మెడకింద ఐస్ ప్యాకులు, తడి దుప్పట్లు, ఫ్యాన్లు. డాక్టరమ్మ వదినతో అంది: "హీట్ స్ట్రోక్. టెంపరేచర్ దిగుతోంది. కిడ్నీలు, బ్రెయిన్ ఎంత దెబ్బతిన్నాయో ఇప్పుడే చెప్పలేను." తర్వాత ఏం మందులు వేసుకుందని అడిగింది. వదిన నా సంచిలోంచి బస్సు టాబ్లెట్లు తీసి చూపించింది. "ఇవి చెమటను తగ్గిస్తాయి. పైగా నీళ్లు తాగలేదు. ఇక్కడి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఎంత పోయిందో మీకు తెలీదు. ఆఖరికి పట్టడమే ఆగిపోయింది."

కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే వేలల్లో ఉంది. మూడో రోజుకి కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ పెరిగింది. మూడుసార్లు డయాలసిస్ చేశారు. అన్నయ్య కాకినాడనుంచి వచ్చి వరండాలోనే ఉన్నాడు. నాలుగో రోజు కళ్లు తెరిచాను. నాలుక తిరగడం లేదు. ముద్దముద్దగా నేను అడిగిన మొదటి మాట "ఆవిడ తడిబట్టలు మార్చుకుందా?"

వదిన బయటికి వెళ్లిపోయింది. "డెలీరియం. బ్రెయిన్ వేడెక్కితే లేనివాళ్లు కనిపిస్తారు. పోతుంది" అంది డాక్టరమ్మ.

నిజంగానే ఆవిడ మళ్లీ కనిపించలేదు. కానీ జ్ఞాపకం పోలేదు. కుడి కనుబొమ మీద ఆవిడకి చిన్న మచ్చ ఉంది. ఇవాళ సంతలో ఎదురైనా గుర్తుపడతాను. వార్డులోకి మార్చాక మస్తాన్ బత్తాయిలు తీసుకుని చూడ్డానికి వచ్చాడు. "ఎవరు వదినా ఈయన?" అని అతని ముందే అడిగాను. నా ప్రాణం కాపాడిన మనిషి ముఖం నాకు బొత్తిగా గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఉండనీలే అమ్మా. మాట వచ్చినాది, అదే పదివేలు" అన్నాడతను.

మాట వచ్చింది గానీ నడక రాలేదు. ఇంటికి వచ్చాక అడుగు వేస్తే పడవలో నిలబడ్డట్టు ఉండేది. కాఫీ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం ఒలికిపోయేది. ఒంటిని తూలకుండా నిలిపే చిన్నమెదడు, సెరిబెల్లం, దెబ్బతిందన్నారు. ఎంత మేరకు కోలుకుంటానో న్యూరాలజిస్టు చెప్పలేదు. గోడ పట్టుకుని నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేశాను. మధ్యలో ఒకసారి పడి మణికట్టు విరిగింది. ఆ రోజు ఇంక నావల్ల కాదని ఏడ్చాను.

ఇప్పటికి ఏడాది దాటింది. కిడ్నీలు బాగున్నాయి. కర్ర లేకుండా నడుస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి మాట కొంచెం సాగుతుంది. వేసవిలో పదకొండు దాటితే గడప దాటను.

బాగుపడనిది ఒక్కటే. నేను ఏమన్నా వదిన నవ్వదు. జోకు వెయ్యగానే ముందు నా కళ్లలోకి చూస్తుంది, తర్వాత నుదురు ముట్టుకుని చూస్తుంది. మొన్న ఉండబట్టలేక అడిగాను, ఏమైంది వదినా నీకు అని.

"నువ్వు ఆవిడకి నీడ ఇమ్మన్నావు. నేను జరిగాను రమణీ" అంది. "నువ్వు చచ్చిపోతుంటే నేను నవ్వుతూ జరిగాను."

నీ తప్పు కాదన్నాను. నన్ను నమ్మకూడదని ముప్ఫై ఏళ్లుగా నేర్పింది నేనేనన్నాను. వినలేదు. ఇదంతా రాయమన్నది కూడా తనే.

అందుకే తన తరఫున ఒక్కటే చెబుతాను. ఎండ దేశంలో మీ పక్కన నడుస్తున్న మనిషి వింతగా మాట్లాడితే, ఎంత వేళాకోళాల మనిషైనా సరే, నవ్వే ముందు మెడ మీద చెయ్యి వేసి చూడండి.