పత్తి గింజలు పెట్టే రోజున మానుకోటకు

మానుకోటలో మా చెల్లెలికి పాప పుట్టిందని ఫోనొచ్చింది. మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోటనే అంటాం. తెలంగాణ కోసం ఊరూరా బందులు నడుస్తున్న రోజులవి. "బస్సుల్లేవు, రైళ్లు ఆపిన్రు, ఎట్ల పోతవ్? జర ఆగు" అన్నాడు మా ఆయన. పాపను చూడకుండా నేనా ఆగేది! పొద్దున్నే స్టేషన్ ఘన్‌పూర్‌లో ఖాజా అన్న ఆటో ఎక్కాను. పాలకుర్తి, తొర్రూరు, నర్సింహులపేట మీదుగా దారి. ఛార్జీ మామూలుకు రెట్టింపు. "వాపస్ ఖాళీగ రావాలె కదక్కా" అన్నాడు. తొలకరి పడింది, చేలల్లో ఆడవాళ్లు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. అబ్బ, చూడ్డానికి ఎంత బాగుందో!

నర్సింహులపేటలో యాకమ్మ అనే ఆమె, కూతురు స్వప్న, ఒక రేకు పెట్టెతో ఎక్కారు. స్వప్నకు మానుకోట హాస్టల్ బడిలో ఆరో తరగతి సీటొచ్చింది. పొద్దుగూకేలోపు చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. తల్లి కూలికి వెళ్లినప్పుడల్లా తమ్ముణ్ణి చూసుకుంటూ ఈ పిల్ల పోయినేడు సగం రోజులు బడికే పోలేదట.

"మరి ఇయ్యాల కూలి పోయినట్టేనా అక్కా?" అని అడిగాను.

"పోవుడేంది? నా సాలుల గింజలు మావోళ్లు పెడుతున్నరు. పిలగాన్ని గూడ ఆళ్లే చూస్తున్నరు. మా గుంపుల ఒకామెకు పనిబడితే ఆమె సాలు అందరం పంచుకుంటం. కూలి మాత్రం ఆమెకూ వస్తది."

ఇంకొంచెం దూరం పోతే మానుకోట అనగా రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, పొయ్యిలు, పెద్ద గంజుల్లో అన్నం. తెలంగాణ కోసం రోడ్డు మీదే వండుకు తింటూ దారి ఆపే వంటావార్పు! నాకైతే జాతరకొచ్చినట్టుంది. విస్తరాకులో వేడన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు. ఏం రుచి! వడ్డించే అవ్వ "నిమ్మలంగ తిను బిడ్డా, పొద్దుగూకేదాంక ఈడనే" అంది. యాకమ్మ ముద్ద వదిలేసి లేచింది.

"రేపు నేనొచ్చి మీ పక్కనే వండుత. ఇయ్యాల నా బిడ్డ సీటు పోతది, తొవ్వ ఇడువున్రి!"

అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "చూస్తరేందిరా, బండి జరుపున్రి!" అని అవ్వే కేకేసింది. జై తెలంగాణ అంటూ కుర్రాళ్లు మా ఆటోను తోసి మరీ దాటించారు. నేనూ గొంతు పోయేదాకా అరిచాను!

వెలుగుండగానే చేరాం, సీటు దక్కింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. యాకమ్మ మాత్రం వార్డెన్ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పత్తి ఏరే కాలంల పని మస్తుగుంటది మేడం. పిలగాన్ని చూసేటందుకు బిడ్డను పంపుమని అప్పుడు నేనే వచ్చి అడుగుత. పంపకున్రి." తర్వాత స్వప్న వైపు తిరిగింది. "నేను ఏడ్సినా రాకు."

చెల్లెలి పాపను ఒళ్లో పెట్టుకున్నా నాకు ఆ మాటే గుర్తొస్తూ ఉంది. తల్లి కూలికి పోతేనే పిల్లల కడుపు నిండుతుంది, ఆ కూలే పెద్దపిల్లను బడి మాన్పిస్తుంది. యాకమ్మకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మీరూ ఈ దారిన వెళ్లేట్టయితే ఒక్క సలహా. పత్తి ఏరే రోజుల్లో ఆ హాస్టల్ గేటు దగ్గర ఒక తల్లి బిడ్డ కోసం బతిలాడుతూ కనిపిస్తే, జాలిపడి ఆమె తరఫున మాత్రం మాట్లాడకండి.