ఇంటికొక్క కార్డు

2011లో, సకల జనుల సమ్మెకు కొద్ది నెలల ముందు, నన్ను జగిత్యాలకు డిప్యుటేషన్ మీద పంపారు. క్షయ నియంత్రణ విభాగంలో స్టాటిస్టికల్ ఆఫీసర్‌ని. జగిత్యాల ఆసుపత్రి రిజిస్టర్లు, కోరుట్ల బీడీ కార్మికుల దవాఖానా రికార్డులు, సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల కార్మికుల ఆరోగ్య వివరాలు, మూడింటినీ కలపాలి. కలిపాక, జబ్బు తేలినవాళ్లలో ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో కంప్యూటర్ అంచనా వేస్తుంది. ఆ జాబితా పట్టుకునే ఆరోగ్య కార్యకర్తలు బయలుదేరతారు.

మూడు చోట్ల పట్టికలు మూడు రకాలు. అందుకని సెమాంటిక్ వెబ్ పద్ధతి ఎంచుకున్నాను. అందులో ప్రతి వివరమూ ఒక చిన్న వాక్యం: ఫలానా మనిషికి ఫలానా పరీక్ష జరిగింది, ఫలానా మనిషికి ఫలానా కార్మిక గుర్తింపు కార్డు ఉంది. ఈ వాక్యాలన్నీ ముడిపడి ఒక వల అవుతాయి. ఇప్పుడు దాన్నే నాలెడ్జ్ గ్రాఫ్ అంటున్నారు. దానికి నియమాలు కూడా చెప్పవచ్చు. నేను చెప్పింది ఇది: ఒక కార్డు నంబరు ఒక్క మనిషికే ఉంటుంది, ఒకే నంబరు రెండు చోట్ల కనిపిస్తే ఇద్దరూ ఒకరే. సిరిసిల్లలో మందులు మానేసి, జగిత్యాలలో కొత్త రోగిగా చేరిన ఒకాయనను ఈ నియమమే పట్టిచ్చింది. ఆ వారం నా కాళ్లు భూమ్మీద నిలవలేదు.

సమ్మె మొదలైంది. మాది అత్యవసర సేవ కనుక ఆఫీసు తెరిచే ఉండేది కానీ, వీధిలో డప్పు వినిపిస్తే చాలు, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ని. అలాంటి ఒక మధ్యాహ్నం వలలో కోరుట్ల మనిషి ఒకరు కంటపడ్డారు. రెండు పేర్లు. ఇంట్లో పిలిచే పేరొకటి, కాగితం మీద పేరొకటి మామూలేనని ఇదివరకే సర్దిచెప్పుకున్నాను. ఈసారి వయసు చూశాను. ఒక చోట యాభై ఎనిమిది, ఒక చోట ఇరవై ఆరు. ఒక చోట చికిత్స పూర్తి, ఇంకో చోట కొత్తగా జబ్బు తేలింది. చికిత్స పూర్తయినవాళ్లను జాబితాలోంచి తీసెయ్యమన్నది నేనే.

కోరుట్ల ఆరోగ్య కార్యకర్త లక్ష్మికి ఫోన్ చేశాను.

“బీడీ కార్డు అత్త పేరు మీదుంటది సార్. కోడండ్లు, బిడ్డలు అందరు దాని మీదనే బీడీలు చేస్తరు. దవాఖానకు పోయినా గదే నంబరు రాపిస్తరు. ఇంటికొక్క కార్డు, మనిషికి కాదు. మీకెవ్వరు చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

బస్సులు లేవు. అటెండర్ స్కూటర్ అడిగి తీసుకున్నాను. మేడిపల్లి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి సమ్మెవాళ్ల వంటావార్పు. “గింత తొందర ఏంది సార్, తిని పో” అన్నారు. ఒకామెకు మందులు అందలేదని చెప్పగానే గుండిగ జరిపి దారిచ్చారు.

కోరుట్లలో లక్ష్మి నన్ను ఆ ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఇరవై ఆరేళ్లామె, షాహీన్, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మధ్యమధ్యలో కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. “నాది పాత బీమారి సార్, ఎప్పుడో తక్కువైంది. గిది కోడలిది” అంది అత్త.

“పరీక్ష చేసిండ్రు సార్. ఉంటే ఇంటికొచ్చి చెప్తమన్నరు” అంది షాహీన్. “రెండు నెలలాయె, ఎవ్వరు రాలే. ఏం లేదనుకున్న.”

లక్ష్మి అక్కడే మందులు మొదలుపెట్టించింది. చాట పక్కన చాప మీద షాహీన్ బిడ్డ నిద్రపోతోంది. ఆ పాపకూ పరీక్ష చేయించాలని లక్ష్మి రాసుకుంది.

తిరిగి వచ్చి ఆ నియమం తీసేశాను. కార్డును మనిషికి కాక ఇంటికి ముడివేశాను. కొత్త జాబితాలో కోరుట్ల నుంచి ఇంకా పేర్లు వచ్చాయి. ఆ ఇళ్లన్నిటికీ లక్ష్మి వెంట నేనూ వెళ్లాను.

యంత్రం ఏ తప్పూ చేయలేదు, నేను చెప్పింది నమ్మింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ నియమం రాసినా, ముందు ఆ రిజిస్టరు నింపే మనిషి దగ్గరికి వెళ్లి, ఈ గడిలో ఎవరి నంబరు రాస్తారని అడిగాను. లక్ష్మిని ఆ మాట రెండు నెలల ముందే అడిగి ఉండవచ్చు.