ఎనభై ఏడో నంబరు బిళ్ళ

1961 ఫిబ్రవరి 13, సోమవారం. ఆదిలాబాద్ జిల్లాలో, బెల్లంపల్లికి కొంత దూరంలో ఉన్న ఒక బొగ్గుగనిలో నేను ల్యాంప్ రూమ్‌లో పని చేస్తున్నాను. పనిలో చేరి అప్పటికి ఆరేళ్ళ ఎనిమిది నెలలు. నా భర్త 1953లో అదే గనిలో పోయాడు. ఏడో తరగతి చదివినదాన్ని కాబట్టి ఆ మరుసటి ఏడాది నాకు ఈ పని ఇచ్చారు.

ల్యాంప్ రూమ్ అంటే గనిలోకి దిగేవారికి దీపాలు ఇచ్చే గది. దీపం టోపీకి తగిలించుకుంటారు, దాని బ్యాటరీ నడుముకు కట్టుకుంటారు. కార్మికులు దాన్ని బత్తి అనేవారు. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటాయి. ఆ బిళ్ళనే టోకెన్ అంటారు. మనిషి కిటికీలోంచి బిళ్ళ ఇస్తే నేను అదే నంబరు బత్తి ఇచ్చి, బిళ్ళను గోడమీది బోర్డుకు తగిలిస్తాను. పని ముగిసి పైకి వచ్చి బత్తి అప్పజెప్పితే బిళ్ళ తిరిగి ఇస్తాను. బోర్డు మీద ఎన్ని బిళ్ళలుంటే భూమి కింద అంతమంది ఉన్నట్టు లెక్క. ఈ లెక్క తప్పకూడదు. ఆ రోజు వరకు నా చేతిలో తప్పలేదు.

ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు పేకాట గురించి చెప్పాలి. మా వైపు దాన్ని పత్తలాట అంటారు. మా గనిలో బొగ్గు నింపే ఫిల్లర్లకు ఒక అలవాటు ఉండేది. సోమవారం పొద్దున, ఏడు గంటల షిఫ్టుకు ముందు, సాయబు హోటల్ బెంచీల మీద ఇద్దరిద్దరు కూర్చుని మూడు ముక్కలాట ఆడేవారు. పందెం పైసలు కావు. ఓడినవాడు శనివారం దాకా గెలిచినవాని తట్ట, చెమ్మస్ మోయాలి. చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే పార. మా గని బావిలా నిట్టనిలువుగా కాక ఏటవాలుగా దిగే ఇంక్లైన్. పని చోటు చేరడానికి పావుగంట నడక. తన సామానుతో పాటు ఇంకొకరి సామాను నెత్తిన పెట్టుకొని నడవాలి. బరువు సంగతి అటుంచి, ముందు నడిచేవాడు చేతులూపుకుంటూ పోతుంటే వెనక మోసేవాణ్ణి దారి పొడవునా అందరూ ఆటపట్టించేవారు. “మీ దొర ముందు పోయిండు, తట్ట జర భద్రం” అనేవారు.

ఆ ఫిల్లర్లలో ఒకడైన ఓదెలుకు అప్పుడు ముప్పై రెండేళ్ళు. మంచి పనివాడు. తాగేవాడు కాదు, మాట కటువు కాదు. కాని పత్తల్లో ఓడితే మనిషి మారిపోయేవాడు. మొగిలి అతని ఈడువాడే, స్నేహితుడే. జనవరి 23 నుంచి వరసగా మూడు సోమవారాలు మొగిలి చేతిలో ఓదెలు ఓడాడు. ఫిబ్రవరి 13 నాలుగోసారి.

ఆ పొద్దున ఏం జరిగిందో నాకు తరువాత తెలిసింది. ఇక్కడ జరిగిన వరసలోనే రాస్తాను. ఓదెలు పత్తలు చింపి పొయ్యిలో వేశాడు. తన బిళ్ళ తీసి బెంచీ మీద కొట్టి, ఈ బాయిలకు, అంటే గనిలోకి, నేను దిగనని చెప్పి లేచిపోయాడు. మొగిలికి ఏం తోచలేదు. షిఫ్టు సైరన్ మోగబోతోంది. వాని కోపం పావుగంటలో దిగుతుంది, అప్పటికి ల్యాంప్ రూమ్ కిటికీ మూసేస్తే ఒక రోజు నాగా పడుతుంది అనుకొని ఆ బిళ్ళ తీసుకొని వచ్చాడు.

వరసలో ఇంకా ముప్పై మంది దాకా ఉన్నారు. మొగిలి తన బిళ్ళ, దానితో పాటు 87 నంబరు బిళ్ళ కిటికీలో పెట్టాడు.

“అక్కా, ఓదెలు ఎనుక వస్తుండు. వాని బత్తి సుత ఇయ్యి.”

“ఎనుక అంటె ఏడ?”

“హోటల్ కాడ. జర కోపం మీదున్నడు, నేనే ఇస్త తియ్యి.”

ఒకరికి రెండు బత్తులు ఇవ్వకూడదని నాకు తెలుసు. వెనకున్నవారు తొందర పెడుతున్నారు. ఓదెలుకు నాగా పడితే రాజవ్వ, అంటే అతని భార్య, నా దగ్గరికే వచ్చి బాధపడుతుంది. ఇచ్చాను. 87 బిళ్ళను బోర్డుకు తగిలించాను.

మొగిలి ఆ బత్తిని హోటల్ సాయబుకు అప్పజెప్పాడు. ఓదెలు రాగానే ఇవ్వమన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఓదెలు తట్ట, చెమ్మస్ బెంచీ కింద పడి ఉంటే వాటినీ నెత్తికెత్తుకున్నాడు. తన సామాను, ఓడినవాని సామాను రెండూ మోసుకొని దిగి, ఓదెలు పని చేసే చోట వాటిని పెట్టి, అక్కడినుంచి దూరంగా ఉన్న తన చోటికి వెళ్ళాడు. ఓదెలుతో జతగా పని చేసే మనిషికి ఆ రోజు జ్వరం. అందుకని ఆ చోట ఎవరూ లేరు.

పదకొండు నలభైకి ఓదెలు పని చేసే చోటనే పైకప్పు కూలింది. అందరినీ బయటికి రప్పించారు. ఒంటిగంటకు బత్తులన్నీ నా ముందుకు వచ్చాయి. బోర్డు లెక్కన పొద్దున దిగినవారు 214 మంది. వచ్చిన బత్తులు 213. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది.

నేను మేనేజరుగారికి పొద్దున చేసిన పని అప్పుడే చెప్పేశాను. ఆయన కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడేవారు.

“ఓదెలు లోపల ఉన్నాడా లేడా? ఒక్క మాట చెప్పమ్మా.”

“బిళ్ళ బోర్డు మీదున్నది సార్. మనిషిని నేను సూడలే.”

ఆయన మొగిలిని పిలిచారు. తట్ట పెట్టి వచ్చానని చెప్పాడు కాని, ఓదెలును చూశానని చెప్పలేకపోయాడు. సాయబును పిలిచారు. సైరన్ మోగిన పది నిమిషాలకు ఓదెలు తిరిగి వచ్చాడని, తన సామాను ఏదని అడిగాడని, మొగిలి మోసుకుపోయాడని తాను చెప్తే బత్తి తీసుకొని గని దారిన పోయాడని సాయబు ఖరాఖండిగా చెప్పాడు. గని ముఖద్వారం దగ్గర, దిగేవారి జేబుల్లో బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని వెతికే మనిషికి గుర్తు లేదు. రెండు వందల మందిలో ఎవరని గుర్తుంటుంది. బిళ్ళ ఉంది, బత్తి లేదు, సామాను లోపలే ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఓవర్‌మన్ కొమురయ్య ఐదుగురిని తీసుకొని వెతకడానికి సిద్ధమయ్యాడు. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో పని మొత్తం చూసే పెద్ద. యాభై దాటిన మనిషి. దిగే ముందు నా కిటికీ దగ్గర ఆగాడు.

“లెక్క సరిగ్గ సూసినవా చెల్లే?”

“మూడుసార్లు సూసిన అన్నా.”

“గట్లయితె మేం పోతం.”

కూలిన చోట పైనున్న బండ ఇంకా చిటచిటమంటోందని లోపలినుంచి వచ్చినవారు చెప్తూనే ఉన్నారు. అది తెలిసే ఆరుగురూ ఒకటిన్నరకు దిగారు. కాసేపటికి పైకి కబురు వచ్చింది. కూలిన బండల అంచున ఒక తట్ట కనబడింది, దాని మీద తెల్లరంగుతో 87 అని రాసి ఉంది.

రాజవ్వ నా కిటికీ కింద నేల మీద కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఆమె ఏడవలేదు. రెండు గంటల ఐదు నిమిషాలకు లేచి వచ్చి నన్ను అడిగింది.

“అక్కా, పొద్దుగాల పత్తలల్ల ఎవలు గెలిచిన్రు?”

“మొగిలి గెలిచిండట.”

“గట్లయితె మా ఆయన బాయిలకు దిగలే.”

“బత్తి తీస్కపోయిండని సాయబు చెప్తుండు కదనే.”

“తీస్కపోతె ఏడనో ఇసిరి ఉంటడు. పోయిన సోమవారం ఓడి కూరగిన్నె పెంటకుప్ప మీద ఇసిరిండు. అంతకుముందు చెప్పులిసిరిండు. ఓడిన్నాడు ఆయన చేతిల ఏదుంటె అది పోతది. మూడు వారాలు ఓర్సుకొని మోసిండు, నాలుగోసారి బాయి కాడికి రాడు, గెలిచినోని మొకం సూడడు.”

అక్కడున్న ఆడవాళ్ళు పాపం మతి చలించింది అన్నారు. నేనూ అదే అనుకున్నాను. దానికి కారణం నా దగ్గరే ఉంది. 1953లో నా భర్తను బయటికి తెచ్చేవరకు, ఆయన ఈ రోజు పనికే పోలేదని, మంచిర్యాల పోయాడని, నాతో చెప్పే పోయాడని నేను వచ్చినవారందరికీ చెప్పాను. చెప్తున్నంతసేపూ నమ్మాను కూడా. అందుకే రాజవ్వ మాట విని నా బోర్డు వైపు చూశాను. బిళ్ళ అక్కడే ఉంది. ఏది నమ్మాలో తెలియలేదు. భార్య మాటా, ఇత్తడి బిళ్ళా? పొద్దున కిటికీలోకి వచ్చిన వేళ్ళన్నీ చూసినదాన్ని ఒక్క ముఖమైనా చూశానా అని గుర్తు తెచ్చుకోబోతే ఎవరి ముఖమూ గుర్తుకు రాలేదు.

దారిలో బత్తి వెతుకుదాం రమ్మని రాజవ్వ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండా ఒక్కతే హోటల్ వైపు నడవసాగింది. అప్పుడు నేను ల్యాంప్ రూమ్‌కు తాళం వేసి ఆమె వెంట వెళ్ళాను. పని వేళలో ఆ తలుపుకు తాళం వేయడం నాకు అదే మొదలు.

హోటల్ దగ్గరినుంచి గని దారిన వస్తే నూరు అడుగుల తరువాత దారి రెండుగా చీలుతుంది. ఒకటి గనికి, ఇంకొకటి రైలుకట్టకు. రైలుకట్ట దారి పక్కన, గనిలోంచి తోడిపోసే నీళ్ళ కాలువ ఉంది. నీళ్ళు నల్లగా, మోకాలి లోతు. రాజవ్వ కాలువ వెంట వంగి నడుస్తూ ఒకచోట ఆగింది. నీళ్ళ అడుగున బత్తి వెలుగుతూనే ఉంది.

నేను నీళ్ళలోకి దిగి తీశాను. 87. బత్తి లేకుండా ఎవరూ గనిలో పది అడుగులు వేయలేరు. అప్పుడు రెండూ యాభై. పరుగెత్తి వచ్చి చెప్పాను. లోపలికి మనిషిని పంపారు. అతను నడిచి చేరేలోపే, రెండూ యాభై ఐదుకు, బండ రెండోసారి కూలింది. ఐదుగురు తప్పించుకున్నారు. కొమురయ్య కుడికాలు బండ కింద పడింది.

రెండూ ఐదుకు రాజవ్వ చెప్పింది. నేను లేచింది రెండూ నలభైకి. మధ్య ముప్పై ఐదు నిమిషాలు. అప్పుడే లేచి ఉంటే రెండుంపావుకే బత్తి దొరికేది, కబురు రెండున్నర దాటగానే లోపలికి చేరేది. ఈ లెక్కను నేను చాలాసార్లు వేశాను. ప్రతిసారీ అదే వస్తుంది.

ఓదెలు మంగళవారం సాయంత్రం ఆసిఫాబాద్‌లోని అక్క ఇంటినుంచి వచ్చాడు. అతనికి ఏమీ తెలియదు. కోపం పట్టలేనప్పుడు అక్కడికే పోయేవాడట. ఒక రాత్రి ఉండి, మాట్లాడకుండా తిని, తిరిగి వచ్చేవాడట. నాకు మెమో ఇచ్చి పదిహేను రోజులు పనికి రావద్దన్నారు. ఓదెలును, మొగిలిని నెల రోజులు ఆపారు. సోమవారం ఆట ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ మళ్ళీ కూర్చోలేదు.

నెల తరువాత ఓదెలు పనిలోకి వచ్చినప్పుడు అతన్ని అడిగాను. ఓడిపోతే అంత కోపం ఎందుకు?

“ఓడినందుకు కాదక్కా,” అన్నాడు. “మూడు వారాలు వాని తట్ట మోసిన. మోసుడు నాకు కొత్తనా? వాడు నా తట్ట మోసిండు సూడు, గది నాకు పడలే.”

మొగిలిని వేరుగా అడిగాను. “గెలిచి గెలిచి నాకే సిగ్గయింది అక్కా,” అన్నాడు.

నేను ఇద్దరి మాటలూ నా నోటుపుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. తప్పు ఎక్కడ మొదలైందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. ఓదెలు పత్తలు చింపినప్పుడా, మొగిలి మంచితనం చేసినప్పుడా, దానికి పైన నేను ఇంకో మంచితనం చేసి రెండు బత్తులు ఇచ్చినప్పుడా? నాకు అంకెల లెక్క వచ్చు. ఇది తేలలేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. ఆ ఏడాది మార్చి నుంచి నేను పని విరమించే దాకా, నా కిటికీలో ఎవరూ ముఖం చూపించి, పేరు చెప్పకుండా బత్తి తీసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా ఎరిగినవారైనా సరే. “నా పేరు మరిచినవా అక్కా” అని నవ్వేవారు. మరవలేదు, నువ్వే చెప్పు అనేదాన్ని.

కొమురయ్య మళ్ళీ గనిలోకి దిగలేదు. జూలై 3న అతన్ని నాకు తోడుగా ల్యాంప్ రూమ్‌లో వేశారు. కర్ర ఆనుకొని కూర్చుని, తిరిగి వచ్చిన బత్తులు తీసుకొని బిళ్ళలు ఇచ్చేవాడు. పైకి వచ్చేటప్పుడు పేరు చెప్పాలన్న నియమం లేదు. బత్తి ఇస్తే చాలు. కాని ఓదెలు మొదటి రోజే బత్తిని కిటికీలో పెట్టి, కొమురయ్య ముఖం చూస్తూ, “ఓదెలు. పైకొచ్చిన,” అన్నాడు. కొమురయ్య బిళ్ళను అతని ముందుకు తోశాడు.

మరునాడూ అదే మాట. ఆ మరునాడూ అదే. సెప్టెంబరు నెల సగం దాటేవరకు కొమురయ్య నోరు విప్పలేదు. ఒక రోజు వాన బాగా పడుతోంది, ఓదెలు తడిసి ముద్దయి వచ్చి, “ఓదెలు. పైకొచ్చిన,” అన్నాడు.

కొమురయ్య బిళ్ళ తీసి, దాన్ని తోయకుండా అతని చేతిలోనే పెట్టాడు.

“సూసిన,” అన్నాడు. “ఇంటికి పో.”