కొర్రమట్ట కోపం

తొంభైల మధ్యలో సంగతి. కాటేదాన్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. పుట్టింది కృష్ణ ఒడ్డున, కాపురం అత్తాపూర్‌లో అద్దెకు. ఆ ఏడు ఎండాకాలం జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య చేపలు పట్టే ఫ్లై రాడ్ ఒకటి కనిపించింది. సన్నగా, పొడుగ్గా, పట్టుకుంటేనే వణికే కర్ర. దానికో చక్రం, చక్రం నిండా పసుపుపచ్చ తాడు. ఎందుకు కొన్నావని మా ఆవిడ అడిగింది. మనసు పడ్డాను, అంతే.

మామూలు గాలానికైతే ఎర గుచ్చి, సీసం గుండు కట్టి విసిరేస్తాం. ఇందులో అంతా తిరకాసు. కొక్కేనికి ఎర ఉండదు, ఈకలు చుట్టి పురుగులా చేస్తారు. దానికి బరువే లేదు కాబట్టి తాడు బరువుతోనే దాన్ని ఎగరెయ్యాలి. కర్రను వెనక్కి ఊపి, తాడు వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు కొట్టాలి. ఆ ఆగడమే నాకు చేతకాలేదు. ఓపిక నా ఒంట్లో లేని గుణం మరి.

చికెన్ షాపులో ఈకలు అడుక్కొచ్చి, అరిగిపోయిన హవాయి చెప్పు ముక్కకు కట్టి, నీళ్ళ మీద తేలే కప్పపిల్ల లాంటిది తయారుచేశాను. ప్రతి ఆదివారం తొండుపల్లి దగ్గర ఒక కుంటకి స్కూటర్ మీద పోయేవాణ్ణి. అప్పటికి అక్కడ విమానాలూ లేవు, ఏమీ లేవు; ద్రాక్షతోటలు, తుమ్మచెట్లు. నా గాలానికి చేపలు పడలేదు గాని తుమ్మకొమ్మలు బోలెడు పడ్డాయి. కర్ర మంచిది కాదని విసుక్కుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది మా ఆవిడ. ఫ్యాక్టరీలో కూడా సోమవారం పొద్దున్నే "ఏం పడింది సార్?" అని మొదలుపెట్టారు. ఒక్క చేప పడితే చాలు, అందరి నోళ్ళూ మూయించాలని నా పంతం.

కుంట దగ్గర నాకు పరిచయమైంది ఒక్కరే, శంషాబాద్‌లో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన. చాచా అనేవాణ్ణి. వెదురు కర్ర, వానపాములు, ఆయన పద్ధతి ఆయనది. నా తిప్పలు చూసి, "సారూ, గాలిని కొడుతున్నవా, చేపను పడుతున్నవా?" అనేవాడు.

నాలుగు వానలు పడ్డాక ఒక ఉదయం, తుంగ పక్కన నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టు కదులుతూ కనిపించాయి. చాపంత మేర ఎర్రటి మరక. వాన చుక్క లేదు. చేపలు పైకొచ్చి పురుగుల్ని తింటున్నాయనుకున్నాను. కర్ర వెనక్కి ఊపి, ఆ రోజు ఎలా ఆగానో ఆగాను. తాడు బారుగా పోయి, చెప్పు ముక్క ఆ ఎరుపు నడిమధ్య వాలింది.

నీళ్ళు భళ్ళుమన్నాయి. కర్ర వంగి కొస నీళ్ళలో మునిగింది. పడుతూ లేస్తూ ఒడ్డుకు లాగితే మోచెయ్యంత కొర్రమట్ట. నల్లటి వీపు, పాము తల. దాన్ని గడ్డి మీద వేసి కేకలు పెట్టాను. చెప్పుకోడానికి సిగ్గెందుకు, జన్మ ధన్యమైందనిపించింది.

చాచా వచ్చాడు. చేపని చూడలేదు, నీళ్ళని చూశాడు.

"పిల్లల మీద ఏసినవా సారూ?"

"పిల్లలేంటి చాచా?"

"గా ఎర్రగ కదుల్తున్నది ఏందనుకున్నవ్? దీని పిల్లలే. ఇది ఆకలికి కరవలే. పిల్లల మీద పడ్డవని కరిసింది."

"ఇది లేకపోతే వాటికేమవుతుంది?"

"జెల్ల చేపలు ఒస్తయి. జరసేపట్ల సాఫ్ చేస్తయి. మేమైతే పిల్లలున్నదాన్ని పట్టం. ఇగ నీ ఇష్టం."

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని ఆదివారాల తర్వాత పడ్డ ఒకే ఒక్క చేప. ఈ ముసలాయన ఇప్పుడే రావాలా అనుకున్నాను. కాని నీళ్ళలో ఆ ఎరుపు అప్పటికే ముక్కలవుతోంది. దాని అంచున ఒక తోక టపీమని కొట్టింది. వెంటనే ఇంకోటి.

కొక్కెం తీసి వదిలెయ్యడానికి స్కూటర్ డిక్కీలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చాను. చాచా తడి తువ్వాలతో చేపని అదిమి పట్టుకున్నాడు. "నిమ్మళంగ. ఇది గాలి పీలుస్తది, జల్ది చావదు. పిల్లలకే టైం లేదు," అన్నాడు. కొక్కెం తుంచి లాగేసరికి దాని పెదవి చీలింది. నీళ్ళలో వదిలితే ఒక్క విదిలింపుతో లోతుకు పోయి మాయమైంది.

"పారిపోయింది చాచా."

"చూడు జర."

చూస్తూ నిలబడ్డాం. మరక పళ్ళెమంత అయింది. జెల్లలు ఇంకా కొడుతూనే ఉన్నాయి. దెబ్బతిన్న చేప మళ్ళీ మనుషులున్న ఒడ్డుకు ఎందుకొస్తుంది, నేనైతే రాను అనుకున్నాను. అంతలో నీళ్ళ కింద నల్లటి వీపు కదిలింది. ఒక్క ఉరుకు. జెల్ల ఒకటి నీళ్ళ మీదికి ఎగిరిపడింది. తర్వాత అంతా సద్దుమణిగింది. తుంగలోంచి, గడ్డిదుబ్బుల్లోంచి, నా కాళ్ళ దగ్గరి బురదనీళ్ళలోంచి కూడా ఎర్రటి పిల్లలు బయల్దేరి దాని చుట్టూ చేరాయి. ఒక్కొక్కటి అగ్గిపుల్లంత కూడా లేదు. వాటిని ఎవరు పిలిచారు, ఎలా పిలిచారు?

బాగా చూద్దామని నీళ్ళలోకి ఒక అడుగు వేశాను. అది పారిపోలేదు. చీలిన పెదవితో నా వైపు తిరిగి, పిల్లల్ని వెనకేసుకుని, నా కాలికి మూరెడు దూరంలో నిలిచింది. అయిదున్నర అడుగుల మనిషిని, నేనే వెనక్కి తగ్గాను.