తోటికోడలి ముందు తొమ్మిది

మనుషుల తృప్తిని పదికి ఇన్ని మార్కులని తేల్చేయొచ్చని మా గైడుకు గట్టి నమ్మకం. నేనప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తార్నాకలో అద్దె గది, క్యాంపస్‌లో ఆయన గది ముందున్న బెంచీ, ఇవే నా ప్రపంచం. ఒకరోజు ఆయన ప్రశ్నాపత్రాల కట్ట నా చేతిలో పెట్టారు.

"మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లిల్లూ తిరుగు. జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారో అడిగి, అంకె రాసుకురా."

క్యాంపస్‌ను ఆనుకునే ఉన్న ఆ బస్తీలో ఆయన ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ కాలు పెట్టలేదు. కారు అద్దం దించి చూసి ఉంటారని కూడా అనుకోను.

మొదట నేను రోజూ భోంచేసే హాస్టల్ మెస్‌లో కూరగాయలు తరిగే ఆమె ఇంటికి వెళ్లాను. తెలిసిన మనిషి కదా, పని తొందరగా అయిపోతుందనుకున్నాను. ఆమె గడపలో కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ప్రశ్న చదివాను.

"పదిల ఎంతనా? రెండు రాస్కో సార్."

"అంత తక్కువా? ఎందుకమ్మా?"

"రోజూ ఉల్లిగడ్డలు కోసుడే. ఎంత కడిగినా చేతుల వాసన పోదు. పిల్లను దగ్గరికి తీస్కుంటే మొఖం తిప్పుతది. ఇగ ఏం తృప్తి?"

రెండు వేశాను. అంతలో పక్క వాటాలోంచి ఆమె తోటికోడలు బిందెతో బయటికొచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఆ తోటికోడలు వాళ్లు ఈమధ్యే పైన ఇంకో గది వేసుకున్నారు. ఈమె గొంతు ఒక్కసారిగా పెరిగింది.

"తొమ్మిది రాయి సార్! మాకేం తక్కువ?"

"ఇప్పుడే రెండన్నారు కదమ్మా?"

"నేనెప్పుడన్న? తొమ్మిదే."

తోటికోడలు బిందె కింద పెట్టింది. "గామెకు తొమ్మిదైతే నాకు పది రాయి."

చదువులేని వాళ్ల పంతాలని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నామీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను జరిగింది చెబితే గైడు ఆ రెండు కాగితాలూ పక్కకు విసిరేశారు. "తృప్తి అంటే ఏంటో తెలియాలంటే మెచ్యూరిటీ ఉండాలయ్యా. ఇవి తీసెయ్." నమూనా ఎలా ఉండాలో చూపించడానికి తనే ఒక ఫారం నింపారు. తొమ్మిది. కారణం దగ్గర "అంతర్గత ప్రశాంతత" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

ఆ ప్రశాంతత రెండు వారాలు కూడా నిలవలేదు. ఆయనకంటే జూనియర్‌ను శాఖాధిపతిగా వేశారు. ఈయన జీతం తగ్గలేదు, గది మారలేదు, ఏసీ ఆగలేదు. అయినా ఆ జూనియర్‌కు సన్మానసభ జరిగిన రోజున ఒంట్లో బాగోలేదని ఇంట్లో ఉండిపోయారు. మర్నాడు నన్ను పిలిచి, శాలువా ఏ రంగుది, దండ ఎంత లావుంది, ఎవరెవరు మాట్లాడారు అని గుచ్చి గుచ్చి అడిగారు. చివర్లో గొంతు తగ్గించి అన్నారు.

"నా ఫారం ఉంది చూడు, అది చింపెయ్."

చింపేశాను. మెచ్యూరిటీ గురించి అడిగే దమ్ము నాకు లేదు. నా థీసిస్ మీద పడాల్సిన సంతకం ఆయన చేతిలో ఉంది.

కొన్నాళ్లకు మెస్ వెనక కూరగాయల గుట్ట పక్కన ఆమె కనిపించింది.

"సార్, నన్ను పుస్తకంల ఏసిన్రా?"

"వేశామమ్మా," అని అబద్ధమాడాను. "తొమ్మిది."

ఆమె అటూ ఇటూ చూసింది. "అసలు రెండే సార్. యారాలు బయటికొచ్చింది గద, ఆమె ముంగట ఎట్ల చెప్త?"

మా గైడు ఇన్ని పుస్తకాలు చదివీ చెప్పలేని మాటను ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తీయకుండానే చెప్పేసింది. నేను తలూపి వచ్చేశాను. థీసిస్‌లో మాత్రం ఆ మాట రాయలేదు. 'బస్తీవాసులు మొత్తమ్మీద సంతృప్తిగానే ఉన్నారు' అని రాశాను. వైవాకు వచ్చిన పెద్దమనిషి నా లెక్కలు ఎంతో శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. మా గైడు భుజం తట్టారు.

డాక్టరేట్ వచ్చిన ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో నాతోపాటే పీహెచ్‌డీలో చేరిన మిత్రుడు ఎదురయ్యాడు. తనకు పర్మనెంట్ ఉద్యోగం వచ్చిందని చెప్పి, టీ తాగుదాం రమ్మన్నాడు. పనుందని చెప్పి గదికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాను.