ఝాలరు లేని పందిరి

ఆ రోజుల్లో (మరీ వెనక్కి వెళ్లకండి, పదేళ్ల కిందటి మాటే, అందరి చేతుల్లోనూ ఫోన్లున్న కాలమే) మా వనపర్తిలో ఏ వీధిలోనైనా పందిరి లేచిందంటే అక్కడ ఏం జరుగుతోందని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. అంచుకు కుచ్చులు కుచ్చులుగా ఎర్రటి ఝాలరు వేలాడుతుంటే శుభకార్యం, ఇంటికెళ్లి మంచి చీర కట్టుకుని రావాలి. ఝాలరు లేకుండా ఉత్త తెల్లబట్ట ఉంటే ఎవరో పోయారని అర్థం, ఒంటిమీదున్న బట్టలతోనే వెళ్లి కూర్చోవాలి. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పందిళ్లు కుట్టే దుకాణంలోనే పనిచేస్తూ, డిగ్రీ చదివాను కాబట్టి అన్నీ నాకే తెలుసనుకునే నాకు మాత్రం సరిగ్గా అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

ఆ దుకాణం మా చిన్నాయనది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, పెళ్లి పందిళ్లు, ట్రాక్టరు సీట్ల కవర్లు, ఏవైనా కుట్టేవాడు. నేను గోపాల్‌పేట నుంచి రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకునేదాన్ని. మందపాటి బట్టను చప్పరించినట్టు కుట్టుకుపోయే ఆ పెద్ద మిషనంటే నాకు ప్రాణం. మా నాయనకేమో తలవంపులు. "డిగ్రీ చదివి పరదాలు కుడతవా? అడిగినోళ్లకు నేనేం చెప్పాలె?" అనేవాడు. ఆ నెలాఖరు దాకే గడువన్నాడు, ఆ తర్వాత హైదరాబాదులో సర్కారు కొలువు కోచింగు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. (మధ్యాహ్నం దుకాణంలో మిర్చిబజ్జీలు తినేదాన్ని, అది వేరే సంగతి.) చివరికి చిన్నాయనే మధ్యలో దూరాడు. "ఒక్క పని సురువు నుంచి ఆఖరు దాంక దాని చేతుల మీద కానియ్ అన్నా. మంచిగ రాకుంటే నేనే బస్సెక్కిస్త" అన్నాడు. నాయన సరేనన్నాడు. కాబట్టి నాకు కావలసిందల్లా ఒక్క పని.

ఆ పని జీపెక్కి వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక సారూ మేడమూ, ఇద్దరూ రిటైరైన టీచర్లు. కొండలూ అడవులూ తిరగడానికి పెద్ద టైర్ల జీపు కొనుక్కుని, అందులోనే వండుకుని అందులోనే పడుకుంటూ తిరుగుతున్నారు. గద్వాల దగ్గర పొలాల్లో ఆగితే గాలిదుమారం వచ్చి జీపు పక్కన నీడకు వేసుకున్న బట్టను నిలువునా చింపేసిందట. జీపు పైన దాన్ని బిగించిన క్యారియర్ కూడా వంగిపోయింది. నాగర్‌కర్నూల్ మీదుగా నల్లమల వైపు వెళ్లాలి, రెండు రోజుల్లో కొత్తది చేసిస్తారా అని అడిగారు. వాళ్లు దాన్ని ఆనింగ్ అన్నారు. చిన్నాయన చింపిరి గుడ్డను ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "గిది జీపుకు పందిరి, అంతేగా" అని తేల్చేశాడు. ఆయన మర్నాడే కంటి ఆపరేషన్‌కు చిన్నమ్మను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ వెళ్తున్నాడు. వెళ్లేముందు కత్తెర నా చేతిలో పెట్టి, "ఇగో డిగ్రీ, ఇది నీదే" అన్నాడు. నన్ను ఆయన ఎన్నడూ పేరుతో పిలవలేదు.

క్యారియర్ పని పక్క దుకాణం వెల్డింగ్ చాచాది. ఆయన కొలతలు తీసుకుంటూ, "పైన ఎంతమంది కూసుంటరు సార్?" అని అడిగాడు. ఎవరూ కూర్చోరు, సామాను పెట్టుకుంటాం అన్నాడు సారు. చాచాకు అర్థం కాలేదు. మా వైపు జీపుకు పైన క్యారియర్ ఉండేదే లోపల పట్టని జనం కోసం. సారు వెళ్లాక నాతో, "పాపం, పైకి చెప్తలేడు బిడ్డా. రేపు చుట్టాలొస్తే ఏడ కూసోబెడతడు?" అని పదిమంది ఎక్కినా చెక్కుచెదరని ఇనప పైపులతో, వెనక నిచ్చెనతో, పట్టుకోవడానికి చుట్టూ కమ్మీతో సహా చేసేశాడు.

నేను రెండు రోజులు మిషను దిగలేదు. జీపుకు ఒక పక్కా, వెనకా, రెండు వైపులా విప్పుకునేలా మందపాటి తెల్ల కాన్వాసు కత్తిరించాను. ప్రతి కుట్టు పక్కన ఇంకో కుట్టు వేశాను. ఆపరేషన్ గదిలోకి పోయేముందు కూడా చిన్నాయన ఫోన్ చేసి, "అంచుకు ఝాలరు ఏసినవా?" అన్నాడు. మేడం సింపుల్‌గా ఉండాలన్నారు, ఇది పెళ్లి పందిరి కాదు చిన్నాయనా, కొత్త తరం వస్తువు అని ఆయనకు పాఠం చెప్పాను. "ఝాలరు లేని బట్ట బయట కట్టొద్దే" అని ఆయనేదో అంటుండగానే నర్సు ఫోన్ లాక్కుంది.

మూడో రోజు పొద్దున సారూ మేడమూ జీపు మాకప్పగించి, పాత రాజుల కోట చూసొస్తామని నడుచుకుంటూ వెళ్లారు. చాచా, నేనూ కలిసి క్యారియర్ బిగించాం, దానికి నా పందిరి కట్టి, ముందు గుంజలు నిలబెట్టి, తాళ్లు లాగాం. ఎంత బాగా నిలిచిందో! రెండు గంటలు ఎండలో సాగనిచ్చి మళ్లీ బిగించాలనుకున్నాను. తీరా చూస్తే తాళ్లు దూర్చే ఇత్తడి రింగులు రెండు తక్కువయ్యాయి. చాచా అన్నానికి ఇంటికెళ్లాడు. నేను షట్టరు సగం దించి, ఫోన్ లోపల చార్జింగులో వదిలేసి, జీపు వెనక తలుపు మూయడం మరచిపోయి బజారుకు పోయాను. లోపల సారువాళ్ల పరుపు, తెల్ల దుప్పటి చుట్టి, మూడు చోట్ల తాడుతో కట్టి, పొడుగ్గా పడుకుని ఉంది. రింగుల దుకాణం ఆయన కూడా అన్నానికి పోయాడు. నేనక్కడే మెట్ల మీద కూర్చుని, నాయన ముఖం ఎలా మారిపోతుందో ఊహించుకుంటూ గంటన్నర గడిపాను.

తిరిగొచ్చేసరికి దుకాణం ముందు జనం. నా పందిరి కింద కుర్చీలు వేసి ఉన్నాయి. టీ కొట్టు అక్క చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. చాచా చేతిలో బంతిపూల దండ. నన్ను చూడగానే ఆయన, "ఏడికి పోయినవ్ బిడ్డా? నీకు తెల్వదా? మీ చిన్నాయన..." అని ఆగిపోయాడు. "కండ్ల దవాఖాన్ల ఏందో అయ్యిందంట. గిప్పుడే తెచ్చి మన జీపుల పండవెట్టిండ్రంట." పొద్దున్నుంచీ చిన్నాయన ఫోన్ ఎత్తలేదన్నది గుర్తొచ్చింది. ఝాలరు గురించి ఆయన చెప్పబోయిన ఆఖరి మాట కూడా నేను విననే లేదు. అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచుకుని ఏం లాభం? పందిరి వేసింది నేను, ఆ పందిరి పుట్టించిన వార్తను అందరికంటే గట్టిగా నమ్మిందీ నేనే.

ఇంతలో ఎవరో ఫోన్ చేసి చెప్తే మా నాయన బండి మీద మేనత్తను ఎక్కించుకుని గోపాల్‌పేట నుంచి వచ్చాడు. అత్త దిగీ దిగకముందే జీపు వెనక నుంచి లోపలికి ఎగబడి ఆ పరుపు మీద పడింది. "తమ్ముడా! కండ్లు మంచిగైతయని పోతివి గదరా! ఒక్క మాట జెప్పకుండ పోతివారా!" నాయన మాత్రం ముందు గుంజను రెండు చేతులా పట్టుకుని, దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. మా నాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. మామూలు గాలి కాదు, దుమ్మూ కాగితాలూ ఎత్తుకొచ్చే చైత్రమాసపు దుమారం. ఎదురు కొట్టు రేకు ఎగిరిపోయింది, నాలుగు కుర్చీలు దొర్లాయి. అందరూ తలమీద చేతులు పెట్టుకుని పందిరి కూలుతుందని చూశారు. అది పొట్ట ఉబ్బించింది, తాళ్లు కిర్రుమన్నాయి, మళ్లీ సర్దుకుంది. ఒక్క కుట్టు ఊడలేదు. చాచా ఇనప క్యారియర్ ఇసుమంతైనా కదలలేదు. (అంత ఏడుపులోనూ ఆ సంగతి గమనించాను. నా బుద్ధి అలాంటిది.)

దుమ్ము అణుగుతుండగా వీధి చివర ఆటో ఆగింది. ఒక కంటికి పట్టీ, దానిమీద నల్ల కళ్లద్దాలు, చిన్నమ్మ చెయ్యి పట్టుకుని ఒక మనిషి తడుముకుంటూ వచ్చి జనంలో చివరాయన భుజం తట్టాడు. "పాపం, ఎవరు పోయిండ్రు?" ఆ చివరాయన వెనక్కి తిరక్కుండానే, "టార్పాలిన్ దుకాణమాయన. శాన మంచి మనిషి. మా బిడ్డ పెండ్లికి పందిరి తానే వచ్చి కట్టిపోయిండు" అన్నాడు. "అయ్యో! ఏ టార్పాలిన్ దుకాణం? ఈ బజార్ల ఉన్నది నాదొక్కటే గదా!"

ఆ గొంతు విని అత్త పరుపు మీద నుంచి లేచింది. ముందు నోరు తెరిచింది, తర్వాత దిగివచ్చి తమ్ముడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. "ఇంతసేపు నన్ను ఏడిపిచ్చి, బతికే ఉన్నవా!" చిన్నమ్మ చేతిలోని సంచీ కింద పెట్టి, పందిరి అంచు వైపు చూసింది. "ఝాలరు లేకుండ ఎవరేసిండ్రే గిట్ల?" అందరూ నావైపు తిరిగారు. అదే సమయానికి సారూ మేడమూ కోట చూసి తిరిగొచ్చి, తమ జీపు చుట్టూ ఊరంతా ఉండటం చూసి నిలబడిపోయారు. మేడం మెల్లగా, "మా పరుపుకు ఏమైందండీ?" అని అడిగింది. చాచా చేతిలో దండ ఏం చేయాలో తోచక, తీసుకెళ్లి జీపు ముందు వేసి దణ్ణం పెట్టాడు. "కొత్త క్యారియర్ గదా, మంచిదే" అన్నాడు.

చిన్నాయన నన్ను తిట్టలేదు. పందిరి కిందికి వచ్చి, చూపు ఆనదు కాబట్టి, వేళ్లతో కుట్లు తడుముతూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. "రెండు కుట్లేసినవ్" అన్నాడు. "గాలొచ్చిందంట గదా?" అని నాయన వైపు తిరిగాడు. నాయన ఇంకా ఆ గుంజ వదల్లేదు. ముక్కు చీది, గుంజను ఒకసారి ఊపి చూశాడు. "నా బరువంత దీని మీదనే ఏసిన. కదల్లే" అన్నాడు. ఆ తర్వాత నావైపు చూడకుండానే, "తమ్ముడు పోయిండనుకోని వస్తి. తమ్ముడున్నడు, పందిరీ ఉన్నది. ఇంగ నేనేం మాట్లాడాలె? ఉండనియ్ దాన్ని ఈడనే" అన్నాడు. కోచింగ్ మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. ఆ గుంజను పట్టుకుని నిలబడినందుకు మా నాయనకు, కత్తెర నా చేతిలో పెట్టినందుకు చిన్నాయనకు, ఆరోజు ఉట్టినే ఏడ్చిపోయిన ఊరందరికీ నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

ఇప్పుడా దుకాణం నేనే చూసుకుంటున్నాను. అడవుల్లో తిరిగే జీపులవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, చాచా క్యారియర్లు చేస్తాడు (నిచ్చెన మాత్రం మానడు), నేను పందిళ్లు కుడతాను. ప్రతి దానికీ ఒక మూల, వేలెడు వెడల్పున ఎర్రటి ఝాలరు వేస్తాను. మొన్న ఒక కుర్రాడు అది తన జీపుకు నప్పలేదని, తీసేయమని పట్టుబట్టాడు. నేను కుదరదన్నాను, కారణం చెప్పడానికి మొహమాటపడ్డాను. మూల కుర్చీలో, చేతిలో టీ గ్లాసుతో కూర్చున్న చిన్నాయన తలెత్తకుండానే నాకు సాయం వచ్చాడు.

"జర ఉండనియ్ బాబూ. అది తీస్తే నేను సచ్చిపోత."

కుర్రాడు బిక్కమొహం వేసుకుని ఝాలరుతోనే పట్టుకుపోయాడు. రింగుల దుకాణం మెట్ల మీద గంటన్నర కలలు కన్న ఆ డిగ్రీ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుని, చిన్నాయన గ్లాసులో ఇంకొంచెం టీ పోశాను.